ఇబ్రహీంపట్నం గొట్టాలు, హరిద్వారం పిల్ల

విజయవాడలో హైదరాబాదు బస్సు ఎక్కండి. గొల్లపూడి దాటుతుంది. కాసేపటికి ఇబ్రహీంపట్నం వస్తుంది. అక్కడ ఆకాశంలోకి లేచిన పెద్ద పెద్ద పొగ గొట్టాలు కనిపిస్తాయి. అదే మన థర్మల్ కరెంటు కేంద్రం. జనం వి.టి.పి.ఎస్. అంటారు. కాగితాల మీద దాని పేరు డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం.

1979లో అక్కడ మొదటి యంత్రం నడిచింది. తర్వాత ఒక్కొక్కటే పెరిగాయి. 210 మెగావాట్ల యంత్రాలు ఆరు. ఆ పైన 500 మెగావాట్లది ఒకటి. 2023లో 800 మెగావాట్లది ఇంకొకటి వచ్చింది. కూడి చూడండి. మొత్తం 2,560 మెగావాట్లు.

మెగావాటు అంటే ఏమిటి? ఒక మెగావాటు యంత్రం గంటసేపు నడిస్తే 1,000 యూనిట్ల కరెంటు వస్తుంది. మరి యూనిట్ అంటే? పాతకాలపు 100 వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్ కాలుతుంది. ఇప్పుడు మనం వాడే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బయితే అదే యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది.

ఆ కేంద్రంలో కాల్చే బొగ్గు రైలు వ్యాగన్లలో వస్తుంది. కొంత ఒడిశాలోని తాల్చేరు నుంచి, కొంత సింగరేణి నుంచి వస్తుంది. బొగ్గును పిండి చేసి మండిస్తారు. ఆ మంటకు నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది. మన వంటింట్లో మూత లేపే ఆవిరే అక్కడ ఊళ్లకు ఊళ్లనే వెలిగిస్తోంది.

ఒక యూనిట్ కరెంటుకు ముప్పాతిక కిలోకి కాస్త అటూ ఇటూగా బొగ్గు కావాలి. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. వంద కిలోలు కాలిస్తే 35, 40 కిలోల బూడిద మిగులుతుంది. ఆ బూడిదను చెరువుల్లో నింపుతారు. ఇటుకలకు, సిమెంటుకు కొంత వాడతారు. బూడిద కంటికి కనిపిస్తుంది. బట్టల మీద పడితే తిట్టుకుంటాం. కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది. దాని గురించే ఈ పాఠం.

బొగ్గు కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు ఒక కిలో వాయువు గొట్టంలోంచి పైకి పోతుంది. "ఇదేం లెక్క? ముప్పాతిక కిలో బొగ్గు కాలిస్తే, అందులో బూడిద పోగా, కిలో పొగ ఎట్లా వస్తుంది?" అని మీకు అనుమానం రావాలి. రావటం మంచిదే. బొగ్గు ఒంటరిగా కాలదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కాలుతుంది. ఆ ప్రాణవాయువు బరువు కూడా కలుస్తుంది. అందుకే కాల్చిన దానికంటే పైకి పోయింది ఎక్కువ తూగుతుంది.

సరే, ఆ వాయువు పైకి పోతే మనకేం?

పుష్యమాసపు రాత్రులు గుర్తు చేసుకోండి. ఆకాశం తేటగా, చుక్కలు నిండుగా ఉన్న రాత్రి చలి ఎక్కువ. మబ్బు పట్టిన రాత్రి కొంచెం వెచ్చగా ఉంటుంది. ఎందుకని? పగలు ఎండకు కాగిన నేల రాత్రి ఆ వేడిని పైకి వదులుతుంది. మబ్బు దుప్పటిలా అడ్డం ఉంటే వేడి పోలేదు. బొగ్గుపులుసు వాయువు కూడా అట్లాంటి దుప్పటే. ఆ దుప్పటి అసలు లేకపోతే భూమి గడ్డకట్టుకు పోతుంది. కాని దుప్పటి మందం పెరిగిపోతోంది. ఫ్యాక్టరీలు రాక ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఈ వాయువు ఉండేది. ఇప్పుడు 420 పాళ్లు దాటింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే విజయవాడలో మందం దుప్పటి కప్పుకుని పడుకుంటే ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి.

2024 సంవత్సరం లెక్కలు మొదలైనప్పటి నుంచి అన్నిటికంటే వేడి సంవత్సరం. ఫ్యాక్టరీలకు ముందు కాలంతో పోలిస్తే ఆ ఏడు భూమి సగటున ఒకటిన్నర డిగ్రీ వేడెక్కింది. ఒకటిన్నర డిగ్రీ అంటే లెక్కలోది కాదనిపిస్తుంది. పసిబిడ్డ ఒళ్లు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ కాగితే తల్లి ఆస్పత్రికి పరుగెత్తదా? 2015 ఎండాకాలంలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. అట్లాంటప్పుడు ముందు పోయేది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు.

మరి కృష్ణా డెల్టా సంగతి? మనది పల్లపు నేల. నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు మీద మనం కూర్చున్నాం. ప్రకాశం బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఆ చీలికల మధ్యనే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి వరకూ నేల సముద్రంతో దాదాపు సమానంగా ఉంటుంది. వేడెక్కితే నీళ్లు ఉబ్బుతాయి. మంచుకొండలు కరిగి ఆ నీళ్లు కూడా సముద్రంలోకే వస్తాయి. 1900 నుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడుకు కాస్త తక్కువ. కొండ మీది ఊరికి జానెడు ఏమీ కాదు. దివిసీమకు జానెడంటే ఉప్పునీరు పొలాల వైపు ఇంకా లోపలికి రావటం.

అన్ని పాపాలూ పొగ మీదే వేయకూడదు. పైన శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు కట్టాక ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. డెల్టాకు కొత్త మట్టి తగ్గింది. తీరం కోసుకు పోవటానికి అదీ ఒక కారణం. రొయ్యల చెరువుల ఉప్పు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ రాత్రి దివిసీమలోనూ చుట్టుపక్కలా సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ తుఫాను భూమి వేడెక్కటం వల్లే వచ్చిందని ఎవరూ అనరు. తుఫానులు అంతకు ముందూ ఉన్నాయి. కాని సముద్రం మట్టం పెరిగాక అట్లాంటి ఉప్పెనే మళ్లీ వస్తే, నీళ్లు అప్పటికంటే లోపలికి వస్తాయి. సముద్రం వేడెక్కితే తుఫానుకు బలం కూడా పెరుగుతుంది. తీరాన మడ అడవులు ఉన్నచోట ఆ దెబ్బ కొంత తగ్గుతుంది. అందుకే మడచెట్టు కొట్టవద్దని పెద్దలు పోరేది.

2024లో బుడమేరు వరద చూశాం. ఆగస్టు 31 నుంచి కుండపోత వాన. బుడమేరు గట్టు మూడు చోట్ల తెగింది. సింగ్‌నగర్, పాయకాపురం, ఆ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీళ్లు కిందికి పోయాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది. అందుకే వాన పడితే ఒక్కసారే కుమ్మరిస్తోంది. అయితే ఏరు పారే దారిలో ఇళ్లు లేస్తే, గట్లు బాగుచేయకపోతే, మామూలు వానకు కూడా ఊరు మునుగుతుంది. ఆ తప్పు ఆకాశానిది కాదు.

ఇప్పుడు ఒక పిల్ల సంగతి చెబుతాను. ఆ అమ్మాయి పేరు రిధిమా పాండే. ఊరు ఉత్తరాఖండ్‌లోని హరిద్వారం. మనవాళ్లు గంగాస్నానానికి వెళ్లే ఊరే. 2013 జూన్‌లో కేదారనాథ్ వైపు భయంకరమైన వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. యాత్రకు వెళ్లిన తెలుగువాళ్లు కూడా అందులో చిక్కుకున్నారు. అప్పటికి రిధిమ చిన్నపిల్ల. ఆ వరద ఆమె మనసులో నిలిచిపోయింది. ఎందుకిట్లా జరిగింది అని అడుగుతూ పెరిగింది.

2017లో, తొమ్మిదేళ్ల వయసులో, ఆమె తరఫున ఢిల్లీలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో ఒక అర్జీ పడింది. ఎవరి మీద? కేంద్ర ప్రభుత్వం మీద. హరిత ట్రిబ్యునల్ అంటే గాలి, నీళ్లు, అడవి గొడవలు వినటానికే 2010లో పెట్టిన కోర్టు. మన రాష్ట్రం అర్జీలు చెన్నైలో ఉన్న దాని శాఖ వింటుంది.

ఆ పిల్ల ఏమడిగింది? కొత్త ఫ్యాక్టరీకి, కొత్త కరెంటు కేంద్రానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దాని పొగ వల్ల భూమి ఎంత వేడెక్కుతుందో కూడా లెక్క చూడాలని అడిగింది. దేశం మొత్తం ఎంత పొగ వదలవచ్చో ఒక పద్దు రాయాలని అడిగింది. ఇంటి ఖర్చుకు పద్దు రాసుకుంటాం కదా, అట్లా. ఈ నెలకు ఇంత, ఇది దాటకూడదు అని. చెడిన దాన్ని బాగుచేయటానికి ఒక పథకం వేయాలని కూడా అడిగింది.

ట్రిబ్యునల్ 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అనుమతులిచ్చే అధికారులు ఈ సంగతి చూడటం లేదని అనుకోటానికి కారణం లేదంది. అర్జీ కొట్టేసింది.

ఓడిపోయిందా? ఆ రోజుకు ఓడిపోయింది. కాని ఊరుకోలేదు. అదే ఏడు సెప్టెంబరులో వేరు వేరు దేశాల పిల్లలు పదహారు మంది కలిసి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీకి ఫిర్యాదు ఇచ్చారు. వారిలో రిధిమ ఒకరు. స్వీడన్ దేశపు గ్రెటా థన్‌బర్గ్ ఇంకొకరు. ఈ గ్రెటా 2018 ఆగస్టులో, పదిహేనేళ్ల వయసులో, బడి మానేసి ఆ దేశపు పార్లమెంటు బయట అట్ట పట్టుకుని కూర్చుంది. మొదటిరోజు ఒక్కతే. ఏడాది తిరిగేసరికి ఎన్నో దేశాల్లో లక్షల మంది పిల్లలు బయటికి వచ్చారు.

పిల్లలు ఫిర్యాదు చేసింది ఐదు దేశాల మీద. అవి అర్జెంటీనా, బ్రెజిల్, ఫ్రాన్స్, జర్మనీ, టర్కీ. 2021లో కమిటీ జవాబిచ్చింది. "ముందు ఆ దేశాల కోర్టులకు వెళ్లి రావలసింది, అందువల్ల ఈ ఫిర్యాదు తీసుకోలేం" అన్నదే దాని సారం. కాని అందులోనే ఒక మాట ఒప్పుకుంది. ఒక దేశం వదిలిన పొగ వల్ల వేరే దేశపు పిల్లలకు చెరుపు జరిగితే, ఆ దేశానికి బాధ్యత ఉంటుందని. పక్కింటి పొయ్యి పొగ మన ఇంట్లోకి వస్తే మనం అడగమా? ఆ అడిగే హక్కు పిల్లలకూ ఉందని పెద్ద సభ ఒకటి రాసిపెట్టింది. నా దృష్టిలో అది తక్కువ సంగతి కాదు.

2024లో మన సుప్రీంకోర్టు వేరే కేసులో ఇంకొంచెం ముందుకు వెళ్లింది. వాతావరణ మార్పు వల్ల కలిగే చెరుపు నుంచి రక్షణ పొందటం ప్రజల హక్కు అంది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల నుంచే ఆ హక్కు వస్తుందని చెప్పింది. ఆ కేసు దేని గురించో తెలుసా? బట్టమేక పిట్ట గురించి. ఒకప్పుడు మన కర్నూలు వైపు రోళ్లపాడులో తిరిగిన పెద్ద పిట్ట. రాజస్థాన్, గుజరాత్‌లలో ఎండ కరెంటు, గాలి కరెంటు మోసుకెళ్లే తీగలకు తగిలి ఆ పిట్టలు చస్తున్నాయని కొందరు కోర్టుకు వెళ్లారు. అంటే మంచి కరెంటు అనుకున్నదానికీ ఒక ఖరీదు ఉంది. అదీ లెక్క చూసుకోవాలి.

"ఢిల్లీ కోర్టులు మనకెందుకు? మా ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తే ఏం చేయాలి?" అని మీరడగవచ్చు. దానికి దారి ఉంది. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం చాలా రకాల పెద్ద ఫ్యాక్టరీలకు, కరెంటు కేంద్రాలకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. ఆ కట్టడం వల్ల వచ్చే మంచి చెడ్డలు రాసిన సంగ్రహం మన భాషలో కూడా ఉండాలి. అది చదవమని అడిగే హక్కు మనది. సభలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. మాట్లాడిన మాటలు రాసుకుని, చివర మన భాషలో చదివి వినిపించాలి. నేను చెప్పింది రాశారా లేదా అని అక్కడే అడగండి.

శ్రీకాకుళం జిల్లా సోంపేట జనం ఇట్లాగే పట్టుబట్టారు. అక్కడ బొగ్గు కరెంటు కేంద్రం పెట్టాలనుకున్నది బీల భూముల్లో. బీల అంటే ఏడాది పొడుగునా తడి ఉండే నేల. చేపలు, పైరు, పశువుల మేత అన్నీ దాని మీదే. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి అని రాశారు. జనం కాదన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల అధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. కాగితంలో ఏం రాశారో ముందే చదివి పట్టుకోగలగటం ఎంత అవసరమో చూడండి. చదువుకు ఆ బలం ఉందని మన రాత్రిబళ్లు ఇదివరకే చూపించాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా గురించి పాఠం చదివి, సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మరి బొగ్గు వద్దంటే కరెంటు ఎట్లా? ఫ్యాను ఆపుకుని కూర్చోమని ఎవరూ చెప్పటం లేదు. ఎండ ఉంది కదా. మన దగ్గర ఎండకు కరువా?

ఎండ పలక మీరు చూసే ఉంటారు. నల్లగా అద్దంలా ఉంటుంది. అందులో ఉండేది ఇసుక నుంచి తీసిన సిలికాన్. వెలుతురు తగిలితే అందులో కరెంటు పుడుతుంది. పొగ లేదు, చక్రం లేదు, చప్పుడు లేదు. ఇక్కడొక తమాషా ఉంది. దానికి కావలసింది వెలుతురే గాని వేడి కాదు. బాగా కాగితే పలక ఇచ్చే కరెంటు కొంచెం తగ్గుతుంది కూడా. అందుకే పలకల కింద గాలి ఆడేట్టు ఎత్తు మీద బిగిస్తారు.

ఒక కిలోవాటు పలకలకు డాబా మీద సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. రోజుకు నాలుగు యూనిట్ల వరకు వస్తాయి. అంటే నెలకు 120. 2024లో కేంద్ర ప్రభుత్వం 'పి.ఎం. సూర్యఘర్' పథకం పెట్టింది. అందులో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు గాని ఆ పైన గాని అయితే 78 వేల రూపాయల సాయం. మిగిలింది మనం పెట్టుకోవాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి. పగలు మనం వాడగా మిగిలిన కరెంటు తీగలోకి పోతుంది. మీటరు దాన్ని కూడా లెక్క వేస్తుంది.

వినటానికి బాగుంది. కాని డాబా ఎవరికుంది? కృష్ణలంకలో అద్దెకుండే కుటుంబం ఎవరి డాబా మీద బిగిస్తుంది? కొండ మీద రేకుల ఇంట్లో ఉండేవాళ్ల సంగతి ఏమిటి? డాబా ఉన్నవాడికి సాయం, లేనివాడికి బిల్లు అయితే అది న్యాయం కాదు. ఊరుమ్మడి స్థలంలో, బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద పలకలు పెట్టి ఆ ఫలం అందరికీ పంచే పద్ధతి రావాలని అడగటంలో తప్పు లేదు. బొగ్గు బండ్ల దగ్గర పనిచేసే కాంట్రాక్టు కూలీల సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఆ పని తగ్గిన రోజున వాళ్లు ఎక్కడికి పోతారు?

రాత్రి సంగతి ఇంకొకటి. పొద్దు గూకితే పలక నిద్రపోతుంది. అప్పుడే మనం ఇంటికొచ్చి ఫ్యాను వేసేది. పగటి కరెంటు దాచిపెట్టాలి. బ్యాటరీల్లో కొంత దాస్తారు. నీళ్లలో కూడా దాచవచ్చు. నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రంలో ఏడు యంత్రాలు రెండు విధాలా తిరిగేవి ఉన్నాయి. నీళ్లు కిందికి దూకేటప్పుడు కరెంటు ఇస్తాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను తిరిగి పైకి తోడగలవు. పగలు ఎండ కరెంటుతో తోడిపెట్టుకుని, రాత్రి వదిలితే సరి. మన కృష్ణమ్మే బ్యాటరీ అన్నమాట.

2025 నాటికి మన దేశంలో కరెంటు యంత్రాల మొత్తం శక్తిలో సగం బొగ్గు, గ్యాసు, డీజిలు లేనివే. ఇది మంచి కబురు. కాని ఎండ యంత్రం రోజుకు కొన్ని గంటలే పనిచేస్తుంది. బొగ్గు యంత్రం రాత్రీ పగలూ తిరుగుతుంది. అందువల్ల మనం నిజంగా వాడే కరెంటులో ఎక్కువ పాలు ఇంకా బొగ్గుదే.

డెల్టా రైతుకు సంబంధించినది ఒకటుంది, అది చెప్పి ముగిస్తాను. నీళ్లు నిలిచిన వరిచేలో, అడుగున గాలి ఆడక ఆకూ అలమూ కుళ్లి మీథేన్ అనే వాయువు పుడుతుంది. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది అదే. అది కూడా భూమిని వేడెక్కించేదే, బొగ్గుపులుసు వాయువు కంటే ఘాటుగా. చేలో ఎప్పుడూ నీళ్లు నిలపకుండా మధ్య మధ్య ఆరగట్టి మళ్లీ పెడితే ఈ వాయువు దాదాపు సగానికి తగ్గుతుంది. నీళ్లు కూడా మిగులుతాయి. అయితే ఆరగట్టాలంటే మళ్లీ కాలవలో నీళ్లు సమయానికి వస్తాయన్న నమ్మకం ఉండాలి. కాలవ చివరి రైతుకు ఆ నమ్మకం లేదు. వచ్చినప్పుడే నిండా పెట్టుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేం. ముందు చివరి ఎకరానికి నీళ్లు వచ్చే ఏర్పాటు చేయాలి.

ఇక మీ ఇంటి మీటరు దగ్గరికి వెళ్లండి. పోయిన నెల బిల్లులో ఉన్న అంకె రాసుకోండి. ఈ నెల అంకె దాని పైన రాయండి. పై అంకెలోంచి కింది అంకె తీసివేయండి. పోయిన నెల 4,312, ఈ నెల 4,402 అనుకుందాం. తేడా 90. అదంతా బొగ్గు కరెంటే అయితే, మీ ఇంటి కోసం ఈ నెల గొట్టంలోంచి పైకి పోయిన వాయువు సుమారు 90 కిలోలు. ఒక బస్తా బియ్యం 25 కిలోలు. ఎన్ని బస్తాలయిందో లెక్క కట్టండి.